గార తీయు గదిలో

ఉత్తరాంధ్ర తీరమునందలి యొక దంతవైద్యశాలకు వెళ్ళినపుడు, పన్ను పీకు గది యెదుట కూర్చున్నవారి భయము కంటె, పళ్ళ గార తీయు గది యెదుట కూర్చున్నవారి అనుమానమే నా దృష్టిని ఎక్కువగా ఆకర్షించినది. పన్ను పీకించినచో బాధ పోవునని అందరు నెరుగుదురు. గార గీకించినచో గట్టి పళ్ళు సైతము కదలునని మన యిండ్లలో ఒక నమ్మకము తరతరములుగా పాతుకొని యున్నది.

లోపల కుర్చీపై అరువదేండ్లు దాటిన యొక పెద్దామె. చికిత్స చేయునామె డెంటల్ హైజీనిస్టు. 1906 ప్రాంతమున అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అను దంతవైద్యుడు తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పుటతో ఆరంభమైన యీ వృత్తిని మన 1948 నాటి దంతవైద్యుల చట్టము సైతము గుర్తించినది. అయినను ఇచ్చట అందరు ఆమెను ‘నర్సమ్మా’ అనియే పిలుచుచుండిరి, ఆమెయు పలుకుచుండెను.

క్రింది ముందుపళ్ళ వెనుక లాలాజల గ్రంథుల ద్వారములుండుటచే, అచ్చటి పాచిపై కాల్షియం, ఫాస్ఫేటు పేరుకొని, పాతగోడ సున్నమువలె గట్టిపడిన పచ్చని గట్టును ఆమె అద్దములో చూపి యిట్లనెను: “ఇది పన్ను కాదు మామ్మా, గార. తీసేశాక సందులు కనబడతాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళకు జివ్వుమంటాయి. పళ్ళు అరగదీసేశామనుకోకు. నొప్పెడితే ఎడం చెయ్యెత్తు.”

సెకనుకు 25 వేల మార్లకు పైగా కంపించు స్కేలరు మొన నీటితుంపరల నడుమ పనిచేయుచుండగా పెద్దామె రెండుమారులు చేయెత్తెను. రెండుమారులును యంత్రము తక్షణమే ఆగెను. ఆగునని తెలిసిన పిమ్మట ఆమె మరల చేయెత్తలేదు.

వెలుపల బల్లమీద రోగుల సంతృప్తిని తెలిసికొను కాగితములు కలవు. వానిపై నాకంతగా గురి లేదు. వైద్యము చేసినవారు ఎదుటనే యుండగా ‘బాగున్నది’ అనక ఎవరైనను ఏమందురు? బెంచీమీది మాటలే నమ్మదగినవి. అచ్చట కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయు లొకరు మునుపు వేరొకచోట గార తీయించుకొనిరట. పళ్ళు జివ్వుమనునని ముందుగా ఎవరును చెప్పకపోవుటచే, ఉన్న పళ్ళు పాడుచేసిరని తలచి, ఏండ్ల తరబడి ఏ దంతవైద్యుని గడపయు త్రొక్కలేదట. చేసిన పని రెండుచోట్లను ఒక్కటియే. అక్కడ ముందు చెప్పవలసిన నాలుగు మాటలే కొరవడినవి.

పని ముగిసెనని నేననుకొనుచుండగా, హైజీనిస్టు లైటును సవరించి పెద్దామె అంగిలిని పరీక్షింపసాగెను. ఈ తీరపు పల్లెలలో పెద్దవయసు స్త్రీలు పలువురు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. ఆ వేడికి అంగిలి తెల్లబారి, కొందరిలో అది కాన్సరుగా పరిణమించును. చుట్ట మానుమని చెప్పి, పై అంతస్తులోని డాక్టరుగారికి చూపుమని హైజీనిస్టు చీటీ వ్రాసి యీయగా, మొదటి మాటను విననట్లే నటించిన పెద్దామె చీటీని మాత్రము కొంగున ముడివేసికొని అడిగెను:

“పైనోళ్ళు కూడా నీలాగే ముందు చెప్పి చేస్తారా అమ్మా?”