రావద్దన్న ఊళ్లో మేము

అమలాపురంలో గడియార స్తంభం సెంటరు ఉన్నట్టే ఇంగ్లండులోని లెస్టర్ ఊరి నడిబొడ్డునా ఒక గడియార స్తంభం ఉంది. 1868లో కట్టింది. మేం వెళ్లిన మర్నాడు మా అమ్మాయి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, "దారి తప్పితే ఎవర్నీ అడగక్కర్లేదు, ఇక్కడికొచ్చి నిలబడండి, నేనొస్తాను" అంది. మాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు తట్టలూ బుట్టలూ అమ్మడానికి అమలాపురం వెళ్లినప్పుడు మా పెద్దవాళ్లూ సరిగ్గా ఇదే మాట చెప్పేవాళ్లు.

మేం రాజోలు దగ్గర ఎరుకల వాళ్లం. భార్యాభర్తలం ఇద్దరం బడిపంతుళ్లం. మాది మేనరికం. అందుకే మా తాత ఇద్దరికీ తాతే. అమ్మాయి లెస్టర్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్లింది. దాన్ని చూడ్డానికి రెండు నెలలు వెళ్లొచ్చాం.

ప్రయాణం హైదరాబాదులో వేలిముద్రలతో మొదలైంది. వీసా కావాలంటే పది వేళ్లూ అద్దం మీద పెట్టాలి. మా ముందు ఒక డాక్టరుగారు, మా వెనక ఒక పెద్ద వ్యాపారి. అందరూ వేళ్లు తుడుచుకుని పెడుతున్నారు. మాకు మాత్రం తాత గుర్తొచ్చాడు. తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. అందులో ఎరుకల పేరూ చేరింది. ఏ తప్పూ చెయ్యకపోయినా పుట్టుకతోనే దొంగ కింద లెక్క. పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవాళ్లు. స్టూవర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి కాపలా కాసేవాళ్లు. మా తాత రాత్రిపూట మునసబుగారి అరుగు దగ్గరికి వెళ్లి హాజరు చెప్పుకొచ్చేవాడు. పక్క ఊరి పెళ్లికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. తాత మాత్రం చనిపోయేదాకా చీకటి పడితే గుమ్మం దాటలేదు.

ఇక ఊరి సంగతి. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు రాసి 'లెస్టర్' అని పలుకుతారు. 2021 జనాభా లెక్కల్లో 3 లక్షల 68 వేల పైచిలుకు మంది. లండన్ అంత పెద్దదీ కాదు, పల్లెటూరూ కాదు. సోర్ అనే నది ఊళ్లోంచే పోతుంది. పక్కనే పడవల కాలువ, దాని మీద లాకులు. ఆ లాకుల తలుపులు చూసేసరికి ఇద్దరం ఒకేసారి "లొల్ల లాకులు!" అన్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకి కోనసీమలో దండలు వేస్తారు. వెయ్యవలసిందే, ఆ నీళ్లే మన అన్నం. కానీ ఆ దొరల పాలనే మన తాతల్ని దొంగల రిజిస్టరులో రాసింది. ఆ కాలవల మట్టి మోసిన తట్టలు ఎవరు అల్లారో ఎక్కడా రాసిలేదు.

దీపావళి ముందు అమ్మాయి మమ్మల్ని బెల్‌గ్రేవ్ రోడ్డుకి తీసుకెళ్లింది. రోడ్డు పొడవునా దీపాలే. చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి కొట్లు. ముసలివాళ్లు కూడా గుజరాతీలో గట్టిగా పిలుచుకుంటూ, బేరాలాడుకుంటూ తిరుగుతున్నారు. అప్పుడు అమ్మాయి ఒక సంగతి చెప్పింది. 1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్లని 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. వాళ్లు ఇక్కడికి వస్తారేమోనని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. ఇక్కడ ఇళ్లు లేవు, బళ్లలో చోటు లేదు, రాకపోతే మీకే మంచిది అని దాని సారం. అయినా వేలమంది వచ్చారు. మిల్లుల్లో పనిచేశారు, కొట్లు పెట్టారు, నిలబడ్డారు. రావద్దన్న ఊరే ఇప్పుడు వాళ్ల దీపాల్ని గొప్పగా చూపించుకుంటోంది.

అది విని మేం చాలాసేపు మాట్లాడలేదు. అమలాపురం బస్టాండులో మేమిద్దరం ఎప్పుడూ మా కుర్రు బాస మాట్లాడలేదు. పక్కవాళ్లు వింటారని గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోయేవాళ్లం. ఉద్యోగాలొచ్చిన కొత్తలో ఒకచోట ఇల్లు అద్దెకి మాట్లాడుకుని అడ్వాన్సు కూడా ఇచ్చాం. మేమెవరమో తెలిశాక మర్నాడే డబ్బు తిరిగిచ్చేశారు. అప్పట్నుంచీ అడిగితే తప్ప చెప్పడం మానేశాం.

ఒక ఆదివారం అక్కడి తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లాం. మంచిగానే పలకరించారు. "ఏ ఊరండీ?" "రాజోలు దగ్గరండీ." "అలాగా! అక్కడ మాకూ చుట్టాలున్నారు. మీరేవిట్లండీ?" ఇంగ్లండులో అడుగుపెట్టాక ఒక్క తెల్లవాడూ అడగని ప్రశ్న అది. మేం పళ్లెం వంక చూస్తూ ఉండిపోయాం. అమ్మాయి చెప్పింది: "ఎరుకల వాళ్లమండీ. అమ్మా నాన్నా ఇద్దరూ పంతుళ్లు." ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆవిడ "పులుసు ఇంకొంచెం వేసుకోండి" అంది.

తిరిగొస్తూ "ఎందుకు చెప్పావే?" అన్నాం. "ఏడాది నుంచీ చెప్పకుండా తిరుగుతున్నానమ్మా. చెప్పకపోవడమే బరువుగా ఉంది" అంది. ఆ ఇంటినుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఇంకో ఇంటినుంచి వచ్చింది.

మర్నాడు తన యూనివర్సిటీ చూపించింది. 1984లో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త డీఎన్ఏ వేలిముద్రని కనిపెట్టింది అక్కడే. దాన్ని మొదట వాడింది నేరం పట్టడానికి కాదు. 1985లో ఘనా నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి వాళ్లమ్మ సొంత కొడుకేనని రుజువుచేసి, తల్లి దగ్గరే ఉండనివ్వడానికి. ఆ తరవాత దగ్గరి పల్లెల్లో ఇద్దరు ఆడపిల్లల హత్యల కేసు. 17 ఏళ్ల కుర్రాడొకడు ఒక హత్య తనదేనని పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాడు. 1986లో ఈ పరీక్ష అతను కాదని తేల్చింది. అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. అంటే ఆ కేసులో ఈ ముద్ర దోషి కంటే ముందు నిర్దోషిని బయటపెట్టింది.

అదే ఊళ్లో 2012లో కార్ల పార్కింగు కింద ఎముకలు దొరికాయి. 1485లో యుద్ధంలో చచ్చిపోయిన మూడో రిచర్డ్ రాజువని తేల్చారు. ఆయన అక్క సంతతిలో ఒకాయన లండన్‌లో కొయ్యసామాను చేసుకునే పనివాడు. ఆయన డీఎన్ఏతోనే పోల్చి చూశారు. రక్తం చూసి రాజెవరో దొంగెవరో చెప్పలేరని మా తాతకి ఎవరైనా ఆనాడే చెప్పి ఉంటే బాగుండేది.

ఇదంతా లెస్టర్ గొప్పదని చెప్పడానికి రాయలేదు. అక్కడా చలి ఉంది, అద్దెలు ఎక్కువ, రాత్రిళ్లు గోదాముల్లో పనిచేసి పగలు చదివే మన పిల్లలున్నారు. చదువుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. గిరిజన విద్యార్థులు విదేశాల్లో చదవడానికి కేంద్రం ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఇస్తుంది. డిగ్రీలో ఉండగానే దాని సంగతి కనుక్కోండి. వెళితే మన పేరు ఇక్కడ వదిలి వెళ్లకండి.

తోటి పంతుళ్లకి ఇంకో మాట. సర్టిఫికెట్ కోసం పిల్లల తెగ పేరు రాసుకోక తప్పదు. కాగితం చూసి రాసుకోండి. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి అడగకండి. ఆ నిలబడటం ఎలా ఉంటుందో మాకు తెలుసు.

వచ్చిన వారానికి పనిమీద అమలాపురం వెళ్లాం. గడియార స్తంభం దగ్గర ఆటో దిగి, ఏ కొట్టుకి వెళ్లాలో మా బాసలోనే మాట్లాడుకున్నాం, గొంతు తగ్గించకుండా. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాం.