అమ్మ సగం

మాదన్నపేట కూరగాయల మండీకి వెళ్లే దారిలో నాదో చిన్న మెడికల్ షాపు. కౌంటర్ మీద ఇమ్యూనిటీ పౌడర్ డబ్బాలు పేర్చి ఏళ్ల తరబడి అమ్మినవాణ్ణి. అందుకే తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ అని తెలిసినప్పుడు డాక్టర్ చెప్పినదాంట్లో సగమే విన్నాను. మిగతాది నాకు తెలిసిందేలే అనుకున్నాను.

వాడికి 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నెత్తురు ఆగలేదు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. కీమో అయ్యాక మూలకణాల మార్పిడి చేయాలి, తోబుట్టువులందరికీ హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయిద్దాం అన్నారు డాక్టర్.

"అక్కకు షుగర్ సార్, ఆమె ఇయ్యలేదు" అన్నాను.

అక్కకు షుగర్ లేదు. ఇంటి రిజిస్ట్రేషన్ సంతకాల దగ్గర గొడవై మూడేళ్లుగా మాటల్లేవు, అంతే. సూర్యాపేటకు ఒక్క ఫోన్ చేయడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

నాది సగం కలిసింది. ఈ రోజుల్లో సగం కలిసినా మార్పిడి చేస్తున్నారు. వాడు కోలుకుని ఇంటికొచ్చాక పేటలో మమ్మల్ని అక్కన్న మాదన్నలన్నారు. ఈ పేటకు పేరిచ్చిన మాదన్న తానీషా కొలువులో మంత్రి, అక్కన్న ఆయన తోడబుట్టినవాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. "నా నెత్తురే వాణ్ణి నిలబెట్టింది" అని బీపీ గోలీలకు వచ్చిన ముసలాయనకు కూడా చెప్పేవాణ్ణి.

పద్నాలుగు నెలలకు రిపోర్టులో మళ్లీ బ్లాస్టులు, అంటే జబ్బు కణాలు.

జబ్బు కణాల హెచ్‌ఎల్‌ఏ మునుపటిలాగే ఉందో లేదో చూడాలి, శాంపిల్ బయటికి పంపుదాం అన్నారు డాక్టర్. "తిరగబెట్టిందని తెలిసినంక ఇంకేం పరీక్ష సార్" అన్నాను. నా లెక్క నాకుంది. నా కణాలు నీరసపడ్డాయి, ఇంకొన్ని ఎక్కిస్తే సరి. డోనర్ లింఫోసైట్లు, అంటే నా తెల్లకణాలు ఎక్కించే మాట ఎత్తింది కూడా నేనే. కొందరిలో దానివల్ల ఉపయోగం ఉండదని ఆయన చెబుతూనే ఉన్నారు. చేతులు పట్టుకుని బతిమాలాను. రెండుసార్లు ఎక్కించారు. ఐదు వారాలు గడిచాయి, బ్లాస్టులు పెరుగుతూనే పోయాయి. అప్పుడు ఒప్పుకున్నాను పరీక్షకు.

ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని డాక్టర్ చీటీ వెనకవైపు రెండు గీతలు గీశారు. ఒకటి నాన్న నుంచి, ఒకటి అమ్మ నుంచి. కణం తన గుర్తులు బయటికి చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోములో ఉంటాయట. నాన్న గీత మా ఇద్దరిదీ ఒకటే. అమ్మ నుంచి మాత్రం చెరొకటి వచ్చింది. తమ్ముడి జబ్బు కణాల మీద ఆ అమ్మ సగమే నా టి కణాలకు పరాయిగా కనిపించింది, దాన్ని చూసే కొట్టాయి. ఇప్పుడు జబ్బు కణాల్లో ఆ సగం లేదు. దాని చోట నాన్న ముక్కే రెండోసారి వచ్చి కూర్చుంది. ఆయన అమ్మ గీతను కొట్టేసి, పక్కన నాన్న గీతనే ఇంకోసారి దిద్దారు. నా కణాలు బలంగానే ఉన్నాయి. కొట్టడానికి వాటికి ఏమీ కనిపించడం లేదు. నేను పౌడర్ అమ్మినంత కాలం ఇమ్యూనిటీ అంటే ఎక్కువ తక్కువల సంగతే అనుకున్నాను. కనపడటం, కనపడకపోవడం అనేది ఒకటుందని నా బుర్రకు తట్టలేదు.

అది జబ్బు వేసిన ఎత్తుగడ కూడా కాదు. కోట్ల కణాలు చీలుతుంటే ఎక్కడో ఒకదాంట్లో ఆ పొరపాటు పడుతుంది. మామూలుగా అయితే దానికి ఒరిగేదేమీ లేదు. పొద్దున్నే మా మండీలో టమాటా బాక్సులు ఏరేవాళ్లను చూస్తుంటాను. మచ్చ కనిపించినదాన్నల్లా తీసి పక్కన పారేస్తారు. పైకి నున్నగా ఉండి లోపల పురుగున్నది బాక్సులోనే ఉండిపోతుంది. నా కణాలు ఏరగా ఏరగా మిగిలింది అలాంటిదే.

మిలాన్ డాక్టర్లు దీన్ని 2009లోనే రాశారట. సగం కలిసిన మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టిన 17 మందిలో ఐదుగురికి ఇలాగే జరిగింది. అంతకు చాలా ముందు, 1948లో, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకిస్తే పదిమందికి జబ్బు తగ్గింది, కొన్నాళ్లే. మందైనా మనిషి కణమైనా, దాని చేతికి చిక్కనిది ఏదో ఒకటి మిగిలిపోతుంది కాబోలు.

"ఇప్పుడు మీ కణాలు పనికిరావు. అమ్మ సగం మీ తమ్ముడితో కలిసి, నాన్న సగం వేరే ఉన్నవాళ్లు కావాలి" అన్నారు డాక్టర్. అమ్మ లేదు. ఉన్నది ఒక్కరే.

ఆ రాత్రి అక్కకు ఫోన్ చేశాను. మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. రిపోర్టు చూస్తే అచ్చం కావలసినట్టే ఉంది. కానీ పెరిగిన జబ్బును దించడానికి మళ్లీ కీమో ఇవ్వాల్సి వచ్చింది. ఆ కీమోలోనే ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ పట్టుకుంది. రెండో మార్పిడి దాకా వాడు నిలవలేదు. ఆ ఐదు వారాలు చేతిలో ఉంటే ఏమయ్యేదో డాక్టర్‌ను నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అక్క నెత్తురిచ్చిన రోజు ఆమె పక్కనే కూర్చున్నాను. నర్సమ్మ పాత ఫైలు తిరగేస్తూ ఆగింది. "మీకు షుగరని రాసున్నది గదమ్మా?"

అక్క నావైపు చూసింది. చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది.

"ఉండెనేమో. తక్కువైంది" అన్నది.