మా అవ్వ కమ్మలు

మాది దేవరకొండ ప్రాంతమున ఒక మెట్ట పల్లె. మా అవ్వ గతించిన పిదప ఆమె సొమ్ములలో మాకు మిగిలినది ఒక్క కమ్మల జత. తూనికకు అర తులము, అనగా 48 గురిగింజల యెత్తు. అంచు చుట్టును ఆవగింజలకన్న సన్నని బంగారు రవలు. ఒక కరవు యేట చెల్లెలి చదువునకు రుసుము చెల్లింపవలసివచ్చి, మేము వానిని పట్టణములో నొక దుకాణమునకు గొనిపోతిమి. హాల్‌మార్కు ముద్ర లేదు గావున కరిగించి వన్నె చూచి, తరుగు పోను సొమ్మిత్తుమని వారనిరి.

మాకు మనసొప్పలేదు. అవ్వ యెరిగిన వృద్ధుడగు అవుసలి యొకడు కల్వకుర్తిలో నుండగా అతని యింటికి బోతిమి. అతడు కమ్మలను అరచేత నుంచుకొని చాలసేపు మాటాడడయ్యెను. పిమ్మట ఆ పని మాకు వివరించెను.

బంగారమును కమ్మచ్చులో లాగి సన్నని తీగ చేసి, తునకలుగా గత్తిరించి, బొగ్గుపొడిలో నుంచి కాచినచో ప్రతి తునకయు కరగి తనంతట తానే గుండ్రని రవ యగును. గురిగింజను నూరిన జిగురుతో రవలను వరుసగా నంటించి, వెలిగారమద్ది, టంకము చేర్చి, ఊదుగొట్టముతో మంటను మెల్లగా నూదవలయును. ఒక్క ఊపిరి యెక్కువైనచో వరుస యంతయు ముద్దయగును. తూచుటకును, అంటించుటకును ఆ గురిగింజయే!

ఈ విద్య నేటిది కాదు. ఆంధ్రదేశమున బుట్టినదని పండితు లూహించు క్రీస్తు పూర్వము 1వ శతాబ్దపు కర్ణాభరణముల జత న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునం దున్నది. వానిపై రెక్కల సింహమును, ఏనుగును రవలతో దీర్పబడినవి.

1963లో బంగారపు కంట్రోలు వచ్చి, 14 క్యారెట్లకు మించిన వన్నెతో క్రొత్త నగలు చేయరాదన్నప్పుడు ఆ వృద్ధుని తండ్రి కుంపటి నార్పి కూలికి బోయెనట. ఆ కంట్రోలు పూర్తిగ తొలగుటకు 1990 వరకు పట్టెను. అప్పటికి ఆ యింట రవల పని యెరిగినవాడు ఇతడొక్కడే మిగిలెను.

"బిడ్డా, కుదువబెట్టిన సొమ్ము తిరిగి వచ్చును, కరిగిన పని తిరిగి రాదు" అని యతడు కమ్మలను మా చేతికిచ్చెను.

మేము వానిని కుదువబెట్టితిమి. పదునాలుగు నెలలు వడ్డీ కట్టితిమి. ఆ దినములలో పలుమారులు కరిగించినను బాగుండెడిదని తలచిన మాట నిజము. తుదకు వేరుసెనగ పంట చేతికి రాగా విడిపించితిమి. ఆ యేటి బతుకమ్మ పండుగకు చెల్లెలు వానిని ధరించి వాకిట నిలువగా, మా తల్లి ఏమియు ననక కన్నులొత్తుకొనెను. ఆ వృద్ధునికి జూపవలెనని కల్వకుర్తికి బోతిమి గాని అతని యింటికి తాళము వేసియుండెను.