దారి చూపెడి చక్రము

కృష్ణామండలమనగానే మనకు కాలువలును, వరిచేలును, కొబ్బరితోటలును స్ఫురించును. కాని యా మండలమునకు మెట్టభాగ మొకటి కలదు. అచ్చట పత్తియు మిరపయు పండును. వేసవిలో నిసుకతిన్నెలై పడియుండు వాగులు వానకాలమున నొక్కరాత్రిలో నదులగును. జగ్గయ్యపేటయు నందిగామయు నా సీమలోని పట్టణములు. 2022వ సంవత్సరమునుండి యివి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, పెద్దల నోట నేటికిని అది కృష్ణాజిల్లాయే. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి యీ సీమ మీదుగనే సాగును. ఒక పట్టణమునుండి రెండవదానికి సుమారు 30 కిలోమీటర్ల దూరము.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రిగారి పేర దీనిని పేటగా కట్టించిరి. ఊరిచెంతనున్న ధనబోడు గుట్టపై బౌద్ధస్తూప మొకటి 1882లో బర్జెసు దొరగారి త్రవ్వకములలో వెలువడినది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ యేట సిద్ధార్థుడను శిల్పి యచ్చట స్తంభములు నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. రాజు పేరుతోపాటు పనివాని పేరును రాతిపై నిలిచినందుకు నాకు మిక్కిలి సంతోషము కలిగినది. అచ్చట దొరకిన శిలాఫలకములలో ప్రసిద్ధమైనది మాంధాత చక్రవర్తిది. ఆయన చుట్టును సప్తరత్నములు చెక్కబడియున్నవి. వానిలో చక్రరత్నము ముందు దొర్లుచు దారి చూపగా, చక్రవర్తి దాని వెంట నడచునని బౌద్ధుల కథ.

ఆ కథ నాకు మా వదినగారు చేతిఫోను కొన్ననాడు జ్ఞప్తికి వచ్చినది.

మా అన్నగారు లారీ నడుపువారు. నడుమునకు దెబ్బ తగిలి రెండేండ్లుగా నింటనే యున్నారు. కుటుంబభారమంతయు వదినగారి కుట్టుమిషనుపై బడినది. ఆమెకొక బొత్తాముల ఫోను మాత్రమే యుండెడిది. పెండ్లివారొకరు "మీరు కుట్టిన రవికెల బొమ్మలు పంపుడు, చూచి పని యిచ్చెదము" అనిరి. ఆ ఫోనులో బొమ్మ పంపుట యెట్లు? పని వేరొకరికి పోయినది. ఆ రాత్రి యామె భోజనము చేయలేదు. తరువాత నాలుగు నెలలు కూడబెట్టి, 12,000 రూపాయలు కొంగున ముడివేసికొని, నన్ను వెంటబెట్టుకొని అంగడికి బయలుదేరినది.

అంగడివాడు మెఱయుచున్న పెద్ద ఫోను చూపి, "వాయిదాలపై తీసికొండమ్మా" అనెను. వదినగారు దానిని ముట్టలేదు. తన సంచిలోనుండి కుంకుమరంగు పట్టుముక్క తీసి బల్లపై పరచి, ఒక్కొక్క ఫోనుతో దాని బొమ్మ తీయించినది. రెండింటిలో నా రంగు నారింజవలె గనబడెను. "ఈ బొమ్మ చూచి పని యిచ్చినవారు రవికె చూచి నన్ను తిట్టెదరు" అని వానిని ప్రక్కకు నెట్టినది. పిమ్మట వీధిలోనికి వచ్చి యెండలో నక్షరములు కనబడునో లేదో చూచినది. ఫోనును చేతబట్టి నలుదిక్కులకు దిరిగినది. కొన్ని చవుక ఫోనులలో దిక్సూచి యుండదు, అట్టివానిలో బాణపుగుర్తు నిలిచినచోట తప్పుదిక్కు చూపును. భద్రతకు సంబంధించిన మార్పులు తయారీదారు లెన్ని సంవత్సరములు పంపుదురో యడిగినది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీయు, 128 జీబీ నిల్వయు గలది, ఆమె డబ్బులో వచ్చునది, ఒకటి నిలిచినది.

సిమ్ము విషయమున నామె చేసినపని మీరును గమనింపదగినది. ప్రకటనలు చూడక, తాను పోవలసిన పల్లెలలోని చుట్టములను ఏ కంపెనీ సంకేతము మీ యింట బాగుగ నందునని యడిగి, దానినే తీసికొన్నది. ఎంత విలువగల ఫోనైనను సంకేతము లేనిచోట అంతర్జాలము నీయజాలదు.

దారి చూపు విద్య మాత్రము వేఱు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగు ఉపగ్రహములు పంపు కాలసంకేతములను ఫోను అందుకొని, కనీసము నాలుగింటినిబట్టి తానున్నచోటు లెక్కగట్టును. అమెరికా సైన్యమువారు నిర్మించిన యీ ఏర్పాటు 1995లో పూర్తియైనది. మన దేశమును నావిక్ అను పేర 2013 మొదలు 2016 వఱకు ఏడు ఉపగ్రహములను కక్ష్యలలో నిలిపినది. ఈ లెక్కకు అంతర్జాల మక్కరలేదు. పటమునకే అది కావలెను. కావున పోవలసిన ప్రాంతపు పటమును ఇంటియొద్దనే ఫోనులో దింపుకొన్నచో, సంకేతము లేని పొలములలోను దారి కనబడును.

తరువాతి వానకాలమున, నందిగామకు ఆవల నొక పల్లెలో పెండ్లివారికి పండ్రెండు రవికెలు చేర్చవలసివచ్చినది. మరునాటి యుదయమే ముహూర్తము. వదినగారు స్కూటరు నడుప, నేను మూటతో వెనుక కూర్చుంటిని. చిల్లకల్లు దాటి పెద్దబాటపై హాయిగ సాగితిమి. నందిగామ దాటినపిదప యంత్రము మమ్ము సన్నని పొలముబాటకు మఱల్చి, "సూటిగా వెళ్లండి" అని పలికినది. ఇంక ఆఱు కిలోమీటర్లే.

ఎదుట గడ్డిమోపుతో వచ్చుచున్న ముసలమ్మ యొకతె చేయెత్తి మమ్ము నిలిపినది. "అటు పోకండి తల్లీ! వాగు వచ్చింది. పొద్దున మోకాటిలోతు లేదు, ఇప్పుడు మనిషిని లాగుతోంది."

"ఇచ్చట చినుకైనను పడలేదే!" అంటిని.

"ఇక్కడ పడాలా తల్లీ? పైన పడింది."

యంత్రము మఱల "సూటిగా వెళ్లండి" అనెను. వదినగారు ఒక నిమిషము మూటవంకను, ముసలమ్మవంకను జూచి, బండి వెనుకకు ద్రిప్పినది. మున్నేటి సీమవారి కిది క్రొత్తమాట కాదు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరు మొదటను మున్నేరు పొంగి నందిగామ దగ్గరి ఐతవరమువద్ద జాతీయ రహదారిపైనే పాఱగా, రాకపోకలు నిలిచిపోయినవి. ఖమ్మము పైభాగమున కురిసిన వాన ఇచ్చట యెండ కాయుచుండగనే వచ్చి చేరును. పటమునందు బాటయున్నది గాని, ఆ గంటలో దానిపై నీరున్నదని యంత్రమున కెవరు చెప్పుదురు?

చుట్టుదారి పదునాలుగు కిలోమీటర్లు. వదినగారు బయలుదేరుటకు ముందే సంకేతమున్న మిట్టపై నిలిచి, రవికెల బొమ్మను పెండ్లికూతురి తల్లికి బంపి, "ఆలస్యమగును గాని, పని యంతయు సిద్ధమమ్మా" అని చెప్పినది. దీపములవేళకు మేము చేరునప్పటికి అచ్చట నెవరికిని ఆందోళనము లేదు. ఆ తల్లి రవికె విప్పి, "బొమ్మలోని రంగే!" అన్నది. పైకమును ఫోను ద్వారా పంపినది.

పైకము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొక్కనక్కరలేదు; ఇచ్చుటకే యది కావలెను. ఎవరైన "డబ్బు పంపెదము, మీ సంఖ్య నొక్కుడు" అన్నచో అది మోసమే. మోసపోయినవారు తడయక 1930కి ఫోను చేయవలెను. వదినగారు ఈ మాటను కుట్టుమిషనుపై కాగితమున వ్రాసి యంటించుకొన్నది.

తిరిగి వచ్చునప్పుడు చీకటిలో ధనబోడు గుట్ట దెస చూచుచు, నేను మాంధాత కథ చెప్పితిని. ఆమె విని, "చక్రమొక్కటేనా? తక్కిన రత్నములేవి?" అని యడిగినది. ఏనుగు, గుఱ్ఱము, మణి, రాణి, గృహపతి, మంత్రి యని చెప్పితిని. ఆమె కొంతదూర మూరకుండి, "అయితే ఆ గడ్డిమోపు అవ్వ మన మంత్రి, అమ్మాయీ! రేపు ఆమె కొక రవికె కుట్టవలెను" అన్నది.

ఆ వారమే కుట్టినది. అవ్వ పేరును మేమడుగలేదు గనుక, ఆ పొలముబాట మొదట రెండు గంటలు నిలిచి, ఆమె వచ్చినపిదప నిచ్చి వచ్చితిమి.