ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో

మా ఇంట్లో జీపు మాట ఎత్తితే చాలు, అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకటి రెండు రోజులు కాదు, ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు.

మాది జయపురం. ఒడిశాలో కోరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఊరు కదల్లేదు, జిల్లాయే మారిందని మా తాతగారు అంటూండేవారు. చుట్టాలందరూ సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపే. పెళ్ళికి వెళ్ళాలన్నా, పరామర్శకి వెళ్ళాలన్నా పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగాల్సిందే. ఆ ఘాటు కోసమే నాన్న 1988లో మహీంద్రా ఎం.ఎం. 540 జీపు కొన్నారు. ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు గేర్లు. పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు. వెనక ఎదురెదురు బల్లల మీద పిల్లలం, బామ్మ, అరిసెల డబ్బా, ఒకోసారి కోడి కూడా.

1993 డిసెంబరులో సాలూరు పెళ్ళికి బయల్దేరాం. నాకు పన్నెండేళ్ళు. ఘాటు సగం దిగేసరికి బ్రేకు పెడలు అడుగంటిపోయింది. నాన్న స్టీరింగు కొండవైపు కోసేశారు. జీపు కాలవలో పడి, రాతికి ఒరిగి ఆగింది. రెండోవైపుకి తిరిగి ఉంటే ఈ వ్యాసం రాసేవాడు ఉండడు. నా నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. చలికాలం వస్తే ఇప్పటికీ ఆ చెయ్యి పిండి కలపనివ్వదు.

“బ్రేకులు ఫెయిలయ్యేయి” అన్నారు నాన్న. ఊరికీ చుట్టాలకీ అదే చెప్పుకున్నాం. ఆ తర్వాత అమ్మ ప్రయాణం ఎప్పుడూ బస్సులోనే. నాన్న జీపుని పొలానికి మాత్రం తిప్పి, 2006లో పెరట్లో పనస చెట్టు కింద వదిలేశారు. అది కోళ్ళకి గూడయింది.

2022లో దాన్ని బాగు చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. కారణం మా అబ్బాయి. దేవమాలి కొండ చూపించమని రోజూ పోరు. ఒడిశాలో ఎత్తయిన శిఖరం అది, 1672 మీటర్లు. మా బావమరిది బెంగుళూరులో ఉంటాడు, సెలవొస్తే జీపులేసుకుని కొండలూ వాగులూ పట్టుకు తిరిగే జట్టు వాడు. నా మాట వినగానే పెద్ద జాబితా పంపించాడు. భారీ టైర్లు, బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, బురదలోంచి లాగే వించి, ఇనప బంపరు, తల మీద నాలుగు దీపాలు. నిజం చెప్పాలంటే ఆ జాబితా చూసి నాకూ నోరూరింది.

మా మేస్త్రికి డెబ్బై దాటాయి. జాబితా చదివి వినిపిస్తే బండి కిందనుంచి బయటికి రాకుండానే అన్నాడు: “ఎక్కించడం తర్వాత సంగతి బాబూ. ముందు ఆపడం చూద్దాం.”

విప్పితే తెలిసింది సంగతి. వెనక నేల రేకు వేలితో పొడిస్తే చిల్లు పడుతోంది. డీజిల్ ట్యాంకు అడుగున జిగురు. వీల్ సిలిండర్లు పిస్టన్లతో సహా తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. తుప్పు గీకే పని నాకు అప్పజెప్పాడు. ఇనప బ్రష్షుతో నెలన్నర గీకాను. ఆదివారాలన్నీ అలాగే పోయాయి. రేకు ముక్కలు కోసి వెల్డింగు పెట్టి, రెడ్ ఆక్సైడు పూసి, ఆపైన రంగు. డ్రమ్ములు లేతు మీద పట్టించాం. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, లైనింగులు, పైపులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవే. మా ఆవిడ కొనమన్న ఫ్రిజ్ ఆ ఏడు రాలేదు. ఆ మాట ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

బ్రేకు ఆయిలు గురించి మేస్త్రి చెప్పింది మన చదువరులకి పనికొస్తుంది. ఆ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తడి పీల్చిన తర్వాత 140కే మరగవచ్చు. ఘాటు దిగుతూ ఆపకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, ఆ వేడికి ఆయిలు మరిగి బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కుడుకి లొంగదు, బుడగలు లొంగుతాయి. అందుకే పెడలు ఉత్తినే కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి ఆయిలు మార్చడం, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగడం, ఇవే దీనికి మందు.

నాన్న రోజూ పనస చెట్టు కింద కుర్చీ వేసుకుని ఇదంతా చూసేవారు. ఒకనాడు మేస్త్రి స్పానరు తుడుచుకుంటూ మామూలుగానే అడిగాడు: “అయ్యగారూ, ఆ రోజు ఏ గేరులో దిగేరండీ?”

నాన్న చాలాసేపు పలకలేదు. తర్వాత, “న్యూట్రల్లో పెట్టేను” అన్నారు. “డీజిలు మిగులుతుందని. అప్పుడందరూ అలాగే దిగేవారు.”

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. న్యూట్రల్లో వేస్తే ఇంజను పట్టు ఉండదు, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇన్నేళ్ళూ ఆ నింద బ్రేకులే మోశాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నే అమ్మకి చెప్పారు. అమ్మ మజ్జిగ వడ్డిస్తూ, “నాకు తెలుసు. పక్కనే కూర్చున్నాను కదా, ఇంజను మోత పడిపోయింది. మీరు చెప్తారేమోనని చూశాను” అంది. అంతే. నాన్న అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నారు. అమ్మ భయపడింది జీపుకి కాదని నాకు అప్పుడర్థమైంది.

మర్నాడు బావమరిది జాబితా తీసి చాలావాటి మీద గీతలు కొట్టాను. టైరు పెద్దదయిన కొద్దీ దాన్ని ఆపడానికి బ్రేకు మరింత కష్టపడాలి. బండి ఎత్తు పెరిగితే వాలులో పక్కకి ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన బండి కాగితాలు తిరగరాయించుకోవడానికి వెళ్ళేవాళ్ళం, కొత్త తలనొప్పులు ఎందుకు? పాత కొలతలోనే బురదకి పట్టే గళ్ళ టైర్లు, ముందూ వెనకా లాగుడు కొక్కేలు, మంచి తాడు, అందరికీ బెల్టులు. బావమరిది కొన్నాళ్ళు అలిగాడు.

2023 నవంబరులో దేవమాలి వెళ్ళాం. పైకి ఎక్కే ముందు కొండ కింద ఊళ్ళ మధ్య మట్టి బాటలు పట్టాం. రాత్రి వాన పడి ఎర్రమట్టి జారుతోంది. ఆ చిన్న రాడ్ల పని అక్కడ తెలిసింది. ఒకటి ముందు చక్రాలకీ ఇంజను బలం అందిస్తుంది, రెండోది బలాన్ని పెంచి వేగాన్ని తగ్గిస్తుంది. టైర్లలో కొంత గాలి తీసి, మొదటి గేరులో వదిలితే జీపు ముసలెద్దులా, తొందర లేకుండా, ఎక్కేసింది. తారు రోడ్డు ఎక్కగానే ముందు చక్రాల రాడ్డు వెనక్కి తీసేయాలి. గట్టి నేల మీద అలాగే మలుపులు తిప్పితే లోపలి పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. మా అబ్బాయికి ఇదంతా నాకంటే ముందే తెలుసు.

ఆ సంక్రాంతికి సాలూరులో మావయ్య ఇంటికి అందరం రావాలని కబురొచ్చింది. అమ్మకి బస్సు టిక్కెట్టు తీయబోతుంటే, “వద్దులే” అంది. మరి మాట్లాడకుండా వెళ్ళి జీపులో ముందు సీట్లో, అప్పుడు కూర్చున్న చోటే కూర్చుంది. బెల్టు ఎలా పెట్టుకోవాలో మనవడు చూపించాడు. నాన్న వెనక బల్ల మీద, అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

పొట్టంగి దాటాక ఆపి, డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉన్నాయి. రెండో గేరు వేసి దిగడం మొదలెట్టాను. ఇంజను గోల పెడుతోంది. వెనక లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, తల కాస్త పక్కకి వంచి ఆ మోతే వింటోంది. ఆ కాలవ దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి చాపి ముందున్న కమ్మీ పట్టుకుంది. మలుపు తిరిగాక వదిలేసింది.

సాలూరులో దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనక్కి తిరిగి నాన్నతో అంది: “డీజిలు ఎంతయిందో రాసుకోండి.”

నాన్న నిజంగానే జేబులోంచి పుస్తకం తీశారు.