పదకొండు పిన్నులు

2022 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వారం ముందు, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు వెళ్లాను. జేబులో 48 వేలు. అందులో 30 వేలు అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చింది. మా తమ్ముడు బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు. నెల రోజులుగా మంచం మీదే ఉన్నాడు, ఇంకో రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. పందొమ్మిదేళ్ల పిల్లాడు పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. గేములు ఆడుకునే కంప్యూటర్ కావాలని ఒక్కసారి అడిగాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మాది ఒకటే గది. మంచం పక్కనున్న గూట్లో పట్టేదే కావాలి. తెరకు పాత టీవీ ఉంది.

పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్లు మధ్యాహ్నం దాకా ఎక్కి దిగాను. అప్పట్లో చిప్పుల కొరత ఒకపక్క, క్రిప్టో మైనింగ్‌ వాళ్లు కొనేసుకోవడం ఇంకోపక్క. కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు కొంటే నా డబ్బులో సగం పైనే పోతుంది. ఒక షాపులో ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్ చేతిలో పెట్టారు. కొత్తగా వచ్చింది, ధర తక్కువ, గేముల్లో వేగం ఎక్కువ. అన్నీ నిజమే. కానీ చివర ఆ 'ఎఫ్' ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. "కార్డు తర్వాత తీసుకో అన్నా, రేట్లు దిగుతయి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మంచి సలహానే, ఆగగలిగే వాళ్లకు.

రైజెన్ 5 5600జీ తీసుకున్నాను. ఆరు కోర్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ అందులోనే. క్యాష్ మెమరీ 16 ఎంబీయే, 5600ఎక్స్‌లో దానికి రెట్టింపు. రేపు కార్డు పెట్టినా పీసీఐఈ 3.0 దాటదు. ఇవన్నీ తెలిసే తీసుకున్నాను. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. స్టిక్కులు రెండైతే ఆ మెమరీ వేగంగా అందుతుంది. అందుకే 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు కొన్నాను.

ఆ రాత్రి అట్టపెట్టె మీదే బోర్డు పరిచి బిగించాను. వెలిగింది. గూట్లో పట్టేలా కొన్న చిన్న కేసులో పెట్టాక మూత పడలేదు. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన కూలర్ ఎత్తు 54 మిల్లీమీటర్లు, కేసులో చోటు 47. ప్రాసెసర్ కోసం అంత ఆలోచించిన వాణ్ణి ఆ ఒక్క కొలత చూసుకోలేదు. మర్నాడు మళ్లీ రైలు, పొట్టి కూలర్, ఇంకో రెండు వేలు.

మూడోరోజు పొద్దున్నే పాత కూలర్ నాలుగు స్క్రూలు విప్పి పైకి లాగాను. టప్‌మని ఊడొచ్చింది, ప్రాసెసర్‌తో సహా. చల్లారి బిగుసుకున్న థర్మల్ పేస్టు దాన్ని సాకెట్లోంచి పెరికేసింది. కాసేపు ఆన్ చేసి వేడెక్కించి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలట. ఆ తర్వాత తెలిసింది. ఏఎమ్4 ప్రాసెసర్ కింద 1,331 పిన్నులుంటాయి. ఒక అంచున అవి గాలికి వాలిన వరినారులా ఒరిగిపోయి ఉన్నాయి. నా చేతులు వణికాయి. షాపుకు ఫోన్ చేస్తే "పిన్ను వంగితే వారంటీ లేదు" అని పెట్టేశారు. అమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్ని వంగినయే?"

తమ్ముడు. గోడవైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు.

"పదకొండు."

"ఇటు తే. లైటు పడ్త."

మంచం అంచున పీట వేసుకుని కూర్చున్నాను. వాడు పడుకునే ఫోన్ టార్చి పట్టాడు. మెకానికల్ పెన్సిల్లో ములుకు తీసేస్తే మొనకు సన్నటి గొట్టం మిగులుతుంది. దాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి వెంట్రుకవాసి చొప్పున లేపాలి. ఎక్కువ వంచితే విరుగుతుంది, విరిగితే అంతే. బ్లేడు అంచును వరుసల మధ్య ఆనించి తిన్నగా ఉందో లేదో వాడే చూసి చెప్పేవాడు. "ఇంకింత. ఆగు. చాలు." నెల తర్వాత వాడి నోట అన్ని మాటలు విన్నాను. మూడు గంటలు పట్టింది.

సాకెట్‌లో పెడితే తనంతట తానే దిగింది. కూలర్ బిగించి ఆన్ చేశాం. తెర వెలిగింది కానీ మెమరీ 8 జీబీయే చూపించింది. జీటీఏ 5 పెడితే ఫ్రేములు ముప్పై దగ్గర తడబడుతున్నాయి. పోనీలే, ఆడుతోంది కదా అన్నాను. నాకు మళ్లీ విప్పే ధైర్యం లేదు.

"ఒక స్టిక్కు కనిపిస్తలేదన్న. ఇంకో పిన్ను వంగిందేమో. మూలకు చూడు."

పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఈసారి తిప్పుతూ తీశాను. మూలన ఉంది పన్నెండోది, వెలుగు అడ్డంగా పడితే గానీ కనిపించనంత వాలి. పెన్సిల్ వాడి చేతికిచ్చాను. టార్చి నేను పట్టుకున్నాను.

ఈసారి 16 చూపించింది. వాడు తెరవంక చూస్తూనే అమ్మను పిలిచాడు.

"అమ్మా, ఇంకో మెత్త ఇయ్యి. లేసి కూసుంట."