జొన్న వేళ్ళు, అరటి దయ్యాలు

2024 అక్టోబరు మూడో వారంలో మా చిన్నోడి మూడో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. 30వ తేదీ బుధవారం హాలోవీన్ పార్టీ. 31న దీపావళి సెలవు కాబట్టి ఒకరోజు ముందే పెట్టారు. పిల్లలు నలుపు, నారింజ రంగు బట్టల్లో రావాలి, పదిమందికి సరిపడా ఏదైనా ‘స్పూకీ’ తినుబండారం తేవాలి. మైదుకూరులో హాలోవీనా అని నవ్వుకుని ఫోను పక్కన పెట్టేశాను. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది.

కారణం మా వాడి పళ్ళు. అంతకు నాలుగు నెలల ముందు, జూన్‌లో, వాడి రెండు పాల దవడ పళ్ళకు ప్రొద్దుటూరులో వైద్యం చేయించాము. నాలుగుసార్లు తిరిగాము. సూది చూసి వాడు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తే. "పాల పళ్ళే కదా, ఊడిపోయేవే కదా" అని నేను అంతకుముందు పట్టించుకోలేదు. డాక్టరమ్మ మాత్రం మెల్లగా చెప్పింది: "ఎంత తీపి తిన్నాడన్నది ఒక్కటే కాదమ్మా, రోజుకు ఎన్నిసార్లు తిన్నాడు, అది పంటికి ఎంతసేపు అతుక్కుని ఉంది అన్నది కూడా చూడాల." ఆ మాట విన్నాక వాడి స్కూలు సంచి వెతికితే చాక్లెట్ కాగితాలు దొరికాయి. పుట్టినరోజు నాడు ఎవరో పంచినవి, బస్సులో ఎవరో ఇచ్చినవి. తప్పు పిల్లలది కాదు, చూసుకోవలసింది నేను.

అంతకుముందు ఏడాది పార్టీకి మేమూ అందరిలాగే అంగట్లో కొన్నవే పంపాము. క్రీము కేకు, రంగురంగుల జెల్లీలు, ఒక పెద్ద సీసా కూల్‌డ్రింకు. ఆ సాయంత్రం వాడి నాలుక నీలంగా ఉంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టి నవ్వుకున్నాము కూడా.

ఈసారి కూర్చుని లెక్క వేశాను. కూల్‌డ్రింకు సీసా వెనక చదివితే 100 మిల్లీలీటర్లకు అటూఇటుగా 10 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక గ్లాసు తాగితే 20 గ్రాములు. రోజుకు తినే మొత్తం శక్తిలో, విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చేది పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 1500 కేలరీలు తినే పిల్లవాడికి పది శాతమంటే సుమారు 37 గ్రాములు, ఐదు శాతమంటే 19 గ్రాములు. అంటే ఆ ఒక్క గ్లాసుతోనే వాడి రోజు లెక్క అయిపోయినట్టు. కేకు, జెల్లీ, చాక్లెట్ దాని మీద అదనం.

ఇక రంగుల సంగతి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. అందులో రోడమిన్-బి అనే రంగు బయటపడింది. అది బట్టలకు వేసే రంగు. మార్చిలో కర్ణాటక పీచుమిఠాయిలోను, గోబీ మంచూరియాలోను కృత్రిమ రంగులు వాడకూడదంది. అంగట్లో అమ్మే ప్రతి రంగూ విషమని నేను అనను, అనుమతి ఉన్న రంగులు ఉన్నాయి, వాటికి పరిమితులు ఉన్నాయి. కానీ పేరు లేని పొట్లంలో ఏది ఉందో నాకు తెలియదు కదా. అందుకే ఈసారి ఇంట్లోనే చేద్దామనుకున్నాను.

ఆ మాట అనగానే రెండు గొంతులు లేచాయి.

మొదటిది మా వాడిది. "రాగి లడ్లు మాత్రం పంపొద్దు మా. అందరూ నవ్వుతారు." రెండో తరగతిలో ఒకసారి పంపాను. డబ్బా అట్లే తిరిగొచ్చింది. ఎవరో "అదేంది, మట్టి ఉండల మాదిరి" అన్నారట. వాడు ఆ రోజు ఒక్కటి కూడా తినలేదు. ఇంట్లో ఇష్టంగా తినేవాడే.

రెండో గొంతు మా అత్తమ్మది. ఆమెది దువ్వూరు పక్క పల్లె. మామయ్య పోయి అప్పటికి ఏడాదిన్నర. అక్టోబరు 2న మహాలయ అమావాస్య నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ చేసి పెట్టుకున్నాము. అది జరిగి నెల కూడా తిరగకుండా ఇంట్లో దయ్యాల బొమ్మలు, పుర్రెల మాస్కు. దానికి తోడు మా వాడు ఆమె ముందే అడిగేశాడు: "జేజీ, జేజినాయన గూడా దయ్యమైంటాడా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నాతో అంది: "ఏం పాపా, చచ్చిపోయినోళ్ళు దయ్యాలెందుకైతారు? మన పెద్దోళ్ళు గదా. ఏడాదికొకసారి ఇంటికొచ్చి ఇంత తిని పోతారు. వాళ్ళను జూసి భయపడేదేంది, ఆటలాడేదేంది?"

నా దగ్గర జవాబు లేదు. పార్టీకి పంపకుండా ఉందామా అని కూడా అనుకున్నాను. కానీ వాడు నల్ల దుప్పటి చుట్టుకుని అద్దం ముందు అప్పటికే సిద్ధమవుతున్నాడు. ఆ రాత్రి ఫోను తీసి, అసలీ పండుగ ఏమిటో చదివాను. చదివాక ఆశ్చర్యపోయాను.

హాలోవీన్ మూలం ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లోని పాత కోతల పండుగ. దాని పేరు సావిన్. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి పోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మేవాళ్ళు. వాళ్ళకోసం తిండి పెట్టేవాళ్ళు. తరవాత క్రైస్తవంలో నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగ, నవంబరు 2 మృతుల స్మరణ దినం అయ్యాయి. మన దగ్గర కూడా నవంబరు 2న సమాధుల తోటకు పోయి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలున్నాయి. ముఖం చెక్కిన దీపం మొదట గుమ్మడికాయతో కాదు, టర్నిప్ అనే దుంపతో చేసేవాళ్ళట. ఐర్లండు వాళ్ళు అమెరికా పోయాక అక్కడ విరివిగా దొరికే గుమ్మడి చేతికొచ్చింది.

మరుసటి పొద్దున ఇదంతా అత్తమ్మకు చెప్పాను. ఆమె చెనిక్కాయలు ఒలుస్తూ విన్నది. "అట్లయితే అదీ పెద్దలకు పెట్టుకునేదే గదా" అంది. గుమ్మడికాయ సంగతి చెబితే నవ్వింది. "మనం కొత్తిల్లు కట్టేటప్పుడు బూడిద గుమ్మడికాయకు కండ్లు, కోరలు దిద్ది దిష్టికి యాలాడదీయమా? ఆ మాదిరేలే" అంది. నిజమే, మన నాలుగు రోడ్ల కూడలి నుంచి ఏ వైపు పోయినా అంగళ్ళ ముందు ఆ కాయలు వేలాడుతూనే ఉంటాయి. మనకు వాటిని చూసి చూసి అలవాటైపోయింది, అంతే.

ఇక వంట. మొదటి ప్రయత్నం నాది, చెడింది కూడా నాదే. జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపి వేళ్ళలా చేసి ఆవిరికి పెట్టాను. మూత తీస్తే అన్నీ పగిలి, విరిగి ఉన్నాయి. జొన్నకు గోధుమ మాదిరి జిగురు ఉండదు. అత్తమ్మ వచ్చి చూసి, "రొట్టెకు పోసినట్లు ఉడుకు నీళ్ళు పొయ్యాల" అని కొంగు బిగించి కూర్చుంది.

ఆమె చేసిన పద్ధతి ఇది. రెండు గ్లాసుల జొన్నపిండి, అర గ్లాసు బియ్యప్పిండి, కొంచెం ఉప్పు, జీలకర్ర, ఒక చెంచా చెనిక్కాయ నూనె. పిండి ఎంతో దాదాపు అన్ని నీళ్ళు మరిగించి, కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెతో కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక బాగా మర్దించాలి. వేలంత లావు, వేలంత పొడుగు చేసి, కణుపుల దగ్గర కత్తితో మూడేసి గీతలు పెట్టాలి. కొసన చెనిగ్గింజ బద్ద ఒకటి గోరులాగా నొక్కాలి. ఇడ్లీ పాత్రలో పదిహేను నిమిషాలు ఆవిరి. ఆరాకే తీయాలి, వేడిమీద తీస్తే విరుగుతాయి. ముంచుకోవడానికి ‘రక్తం’: రెండు టమాటాలు, ఒక బీట్‌రూట్, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ నూనెలో మగ్గించి, ఉప్పు వేసి మెత్తగా రుబ్బిన పచ్చడి. పెరుగుతో చేస్తే మధ్యాహ్నానికి పులుస్తుంది, అందుకే వద్దనుకున్నాము.

మొదటి వాయి పళ్ళెంలో పెట్టగానే మా వాడు ఒకదాన్ని పట్టుకుని, దాన్ని చూసి, అత్తమ్మ చెయ్యి చూసి అరిచాడు: "జేజీ, అచ్చం నీ వేళ్ళ మాదిరే ఉండాయి!" ముప్ఫై ఏళ్ళు పసుపు తోటల్లో కలుపు తీసిన వేళ్ళు అవి. కణుపులు ఉబ్బి ఉంటాయి. నాకు భయం వేసింది, ఏమనుకుంటుందో అని. ఆమె రెండు చేతులూ చాచి వాడి ముఖం ముందు ఆడించింది. వాడు నిజంగానే భయపడి పరుగెత్తాడు. మామయ్య పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

రెండోది అరటి దయ్యాలు. అరటిపండును అడ్డంగా రెండు ముక్కలు చేసి నిలబెట్టి, ఎండుద్రాక్ష తునకలు కండ్లుగా పెట్టడమే. కోసిన పండు గంటలో నల్లబడుతుంది. అందుకని నిమ్మరసం పూసి పచ్చికొబ్బరి తురుములో దొర్లించాము. తెల్లగా, దయ్యం దుప్పటి కప్పుకున్నట్టే ఉంది. మూడోది చీనీకాయ గుమ్మళ్ళు. మన కడప చీనీకాయలను పైన మూతలాగా కోసి, లోపలి తొనలు తీసి, తొక్క మీద చిన్న కత్తితో కండ్లు, నోరు చెక్కాము. లోపల దానిమ్మ గింజలు, బొప్పాయి ముక్కలు, తీసిన తొనలు. చెక్కే పని పెద్దవాళ్ళదే, నింపే పని పిల్లలది.

నాలుగోది నల్ల సాలీళ్ళు. ఇవి నిజానికి ఆ రాగి లడ్లే. వేయించిన రాగిపిండి ఒక గ్లాసు, చెనిక్కాయల పొడి అర గ్లాసు, బెల్లం పావు గ్లాసు, కొంచెం నెయ్యి, నాలుగు చెంచాల నువ్వులు. గోళీ అంత ఉండలు చేసి, సన్నగా తరిగిన క్యారట్ పుల్లలు ఎనిమిదేసి కాళ్ళుగా గుచ్చాను. మా వాడు చూసి ఒక నిమిషం ఆలోచించాడు. "రాగివని చెప్పొద్దు, సాలీళ్ళు అని చెప్తా" అన్నాడు. సరేనన్నాను. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, దాన్ని ఏ పేరుతో తిన్నా ఒకటే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బెల్లం కూడా చక్కెరే. తేనె కూడా అంతే. ‘సహజం’ అన్నంత మాత్రాన పళ్ళకు తేడా తెలియదు. చెనిక్కాయల పాకం ఉండ చాక్లెట్ కంటే ఎక్కువగా పంటికి అతుక్కుంటుంది. అందుకే మేము పాకం పట్టలేదు, బెల్లం తగ్గించాము, తిన్నాక నీళ్ళు పుక్కిలించమని చెప్పి పంపాము.

ఇంకో జాగ్రత్త. చెనిక్కాయలు కొందరు పిల్లలకు పడవు, అలర్జీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. ముందురోజే క్లాస్ టీచర్‌ను అడిగాను. మా తరగతిలో ఎవరికీ లేదని తెలిశాకే పంపాను, డబ్బా మీద ఏమేం వేశామో రాసి అంటించాను. ఐదేళ్ళలోపు పిల్లలకైతే గింజలు, గుండ్రటి ద్రాక్షలు అట్లే ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువునా కోసి, గింజలను పొడి చేసి ఇవ్వాలి.

డబ్బా సర్దేటప్పుడు అత్తమ్మ రెండు వేళ్ళు, ఒక సాలీడు తీసి చిన్న పళ్ళెంలో పెట్టి మామయ్య ఫొటో ముందు ఉంచింది. "ఆయనకు గూడా చూపిద్దాం, మనవడు తెచ్చిన పండగ" అంది. మా వాడు మళ్ళీ దయ్యం ప్రశ్న అడగలేదు. చేతులు జోడించి, బూట్లు వేసుకుని బస్సుకు పరుగెత్తాడు.

సాయంత్రం డబ్బా తెరిచి చూశాను. వేళ్ళు ఒక్కటి కూడా మిగల్లేదు. ‘రక్తం’ మొత్తం అయిపోయింది. అరటి దయ్యాలు రెండు నలిగి అట్లే వచ్చాయి. సాలీళ్ళు మూడు మిగిలాయి, కాళ్ళు మాత్రం లేవు, క్యారట్ ఎవరో పీక్కుని తిన్నారు. ఎవరైనా నవ్వారా అని అడిగాను. "ఒకడు నవ్వినాడు. మళ్ళా నాలుగు వేళ్ళు తిన్నాడు" అన్నాడు.

ఇదంతా చేసి నేను గెలిచానని చెప్పడం లేదు. మా వాడు ఇప్పటికీ చాక్లెట్ అడుగుతాడు, ఆదివారం ఒకటి ఇస్తాము. 2025 మేలో సీబీఎస్ఈ తన పాఠశాలల్లో ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే ‘షుగర్ బోర్డులు’ పెట్టమన్నప్పుడు, ఆ లెక్క వంటింట్లో కూడా ఒకటి రాసిపెట్టుకుంటే బాగుంటుందనిపించింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను.

తోటి తల్లులకు, తండ్రులకు నా మనవి ఒక్కటే. పెద్ద వంట అక్కర్లేదు, ఒక్కటి చేయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఇంట్లో జేజి గానీ అవ్వ గానీ ఉంటే పిండి ఆమె చేతికివ్వండి. ఉడుకు నీళ్ళు ఎన్ని పొయ్యాలో మనకంటే ఆమెకే బాగా తెలుసు.